సోలాపూర్ తూర్పు పేటల్లో

హైదరాబాద్ నుంచి ముంబై పోయే రైళ్లు వికారాబాద్, తాండూర్, వాడి, కలబురగి దాటి సోలాపూర్‌లో ఆగుతాయి. మనవాళ్లు చాలామంది పండరిపురానికో, తుల్జాపూర్ భవానీ దగ్గరికో, అక్కల్‌కోట స్వామి దగ్గరికో పోతూ ఆ ఊళ్లో దిగుతారు. ఒక దుప్పటీ, నాలుగు టవళ్లూ బేరమాడి కొంటారు, వేరుశనగ చట్నీ పొట్లం ఒకటి సంచిలో వేసుకుంటారు, వెళ్లిపోతారు. ఆ దుప్పటి నేసినవాళ్లు ఊరికి తూర్పున ఉంటారు. అటు పోయేవాళ్లు తక్కువ. నేను బయల్దేరిందే అటు పోదామని.

కన్నా చౌక్, సాఖర్ పేట, భద్రావతి పేట, దాజీ పేట, అశోక్ చౌక్, దత్తనగర్, నీలంనగర్. దుకాణాల బోర్డులన్నీ మరాఠీలో ఉంటాయి. బోర్డు మీది ఇంటిపేరు చదివితే మాత్రం సిరిసిల్లలోనో కోరుట్లలోనో నిలబడ్డట్టుంటుంది. వీధిలో మాట తెలుగు. అందులో మరాఠీ సగం కలిసిపోయింది, కన్నడం ఉప్పులా పడింది. పద్మశాలీలే ఎక్కువ. తొగట వీర క్షత్రియులు, కురుహిన శెట్లు ఉన్నారు. జాంబముని పేరున ఊరేగింపు తీసే తెలుగు మోచీలూ ఉన్నారు. సోలాపూర్ తెలుగువాళ్లంటే పద్మశాలీలేనని రాసే అలవాటు మనకుంది, అందుకే మోచీల మాట ముందే చెప్పాను.

వీళ్ల పెద్దలు నిజాం రాజ్యం నుంచి వచ్చారు. కరీంనగర్, వరంగల్, నల్లగొండ, మహబూబ్‌నగర్, మెదక్ జిల్లాల ఊళ్లు ఇప్పటికీ ముసలివాళ్ల నోట వినిపిస్తాయి. పేష్వాల కాలంలోనే కొందరు చేరారంటారు. అసలు వలస రైలు వచ్చాక మొదలైంది. 1860 నాటికి బొంబాయి రైలు సోలాపూర్‌ను తాకింది. 1876-78 కరువు దక్కను అంతటినీ ఊపేసింది. మిల్లు నూలుతో, విదేశీ బట్టతో పోటీపడలేక పల్లె మగ్గం చతికిలబడింది. పల్లెలో తిండి లేదు, ఇక్కడ కార్ఖానాలో మగ్గం ఖాళీగా ఉంది. దారి అదే చూపించింది. సొంత మగ్గం మీద నేసుకునే మనిషి ఇక్కడికొచ్చి సేటు మగ్గం మీద కూలివాడయ్యాడు. ఆ మార్పు జరిగి నూరేళ్లు దాటింది. ఆ లెక్క ఇంకా సరికాలేదు.

మిల్లుల కథ కొంచెం చెప్పాలి. 1874లో సోలాపూర్ స్పిన్నింగ్ అండ్ వీవింగ్ కంపెనీ పెట్టారు. ఊరివాళ్లకు అది జూనీ మిల్లు, అంటే పాత మిల్లు. తర్వాత లక్ష్మి, విష్ణు, నర్సింగ్‌గిర్జీ మిల్లులు వచ్చాయి. 1930 మేలో గాంధీ అరెస్టు మీద తిరగబడి ఈ ఊరు కొన్నాళ్లు బ్రిటిష్ పోలీసును బయట నిలబెట్టింది. ఆ తర్వాత మార్షల్ లా పడింది. మల్లప్ప ధన్‌శెట్టి, శ్రీకిసన్ సారడా, అబ్దుల్ రసూల్ కుర్బాన్ హుసేన్, జగన్నాథ్ శిందేలను 1931 జనవరి 12న ఉరితీశారు. ఆ నలుగురి పేర సోలాపూర్‌లో చౌక్ ఉంది. నన్ను ఎక్కువగా పట్టుకున్నది మాత్రం ఆ తర్వాతి కథ. 1949లో యాజమాన్యం జూనీ మిల్లు మూసేసింది. వేలమంది వీధిన పడ్డారు. కేంద్ర ప్రభుత్వం 1950లో ఆ ఒక్క మిల్లు కోసమే ఆర్డినెన్సు తెచ్చి, ఆపై చట్టం చేసి, నడిపే బాధ్యత తీసుకుంది. చరణ్‌జీత్ లాల్ చౌదరి అనే వాటాదారు సుప్రీంకోర్టుకు వెళ్లాడు. సమానత్వ హక్కు అంటే ఏమిటని రాజ్యాంగం పుట్టిన ఏడాదే కోర్టు చర్చించిన తొలి కేసుల్లో అదొకటి. అతను ఓడాడు. ద్వారకాదాస్ శ్రీనివాస్ అనే ఇంకో వాటాదారు వేరే కేసు వేసి 1953లో గెలిచాడు, పరిహారం లేకుండా ఆస్తి తీసుకోవడం చెల్లదన్నారు. లా కాలేజీల్లో ఈ రెండు తీర్పులూ నేటికీ చదువుతారు. రెండింటిలోనూ హక్కు పోయిందన్నది వాటాదారు. పని పోయిన నేతగాడికి ఏ హక్కు పోయిందో అడిగిన కేసు ఆ పుస్తకాల్లో నాకు దొరకలేదు.

జూనీ మిల్లు 1960లలో పూర్తిగా పోయింది. లక్ష్మీ-విష్ణు 1990లలో, నర్సింగ్‌గిర్జీ ఆ తర్వాత. మిల్లు పోతే పనీ పోయిందనుకుంటాం. బట్ట నేయడం ఆగలేదు, ఇంకా పెరిగింది. పోయింది మస్టర్ రోల్, పీఎఫ్, ఈఎస్ఐ, యూనియన్ ఆఫీసు గడప. పని చిన్న చిన్న షెడ్లలోకి సర్దుకుంది.

అలాంటి షెడ్డు ఒకటి చూశాను. ఇంటి కింది భాగంలో సాంచాలు, అంటే మరమగ్గాలు. పైన యజమాని కాపురం. మెట్ల మీద నిలబడితే కాళ్ల కింద ఇల్లు వణుకుతుంది. లోపల మాట వినపడదు. పనివాళ్లు పెదాల కదలిక చూసి మాట్లాడుకుంటారు. చెవులకు ఏమీ పెట్టుకోరు. అడిగితే నవ్వుతారు. దూది ధూళి కనురెప్పల మీద పడి అందరినీ ముసలివాళ్లను చేస్తుంది. జకార్డు అట్టలు పైన గొలుసులా తిరుగుతుంటే కింద దుప్పటి మీద నెమలి కాస్త కాస్తగా దిగుతోంది. సోలాపురీ చద్దరుకూ, టెర్రీ టవలుకూ భౌగోళిక గుర్తింపు ఉంది. మహారాష్ట్రలో ఆ ముద్ర ముందుగా దక్కినవాటిలో అవీ ఉన్నాయి. ముద్ర ఊరికి దక్కింది. నేసినవాడి పేరు దాని మీద ఎక్కడా ఉండదు. మీటరుకింత, ముక్కకింత అని అతని లెక్క వేరే నోటు పుస్తకంలో ఉంటుంది.

కూలి తక్కువ అన్నది అందరూ చెప్పేదే. ఎందుకు తక్కువగా ఉండిపోతుందో చూడాలి. ఇరవై మంది ఉంటే పీఎఫ్ కట్టాలి, పదిమంది ఉంటే ఈఎస్ఐ కట్టాలి. అందుకని ఒకే షెడ్డును కాగితం మీద అన్న పేర ఒకటి, తమ్ముడి పేర ఒకటి, భార్య పేర ఒకటిగా విడగొడతారు. గోడ ఒకటే, కరెంటు తీగ ఒకటే, కంపెనీలు మూడు. ఇది సోలాపూర్ కనిపెట్టిన విద్య కాదు. భివండిలో ఉంది, ఇచల్‌కరంజిలో ఉంది, మన సిరిసిల్లలో, సేటు దగ్గర నూలు తెచ్చి కూలివాళ్లతో నేయించే ఆసామి పేరున, ఇంకో రూపంలో ఉంది. యజమాని మాట కూడా విన్నాను. నూలు ధర పొద్దునొకటి సాయంత్రమొకటి, కరెంటు బిల్లు, పానిపట్ నుంచి చౌకగా దిగే సరుకు, బాకీ పెట్టే వ్యాపారి. అతని మాటలో అబద్ధం లేదు. కానీ ఆ నష్టాలన్నీ ఒక్కో మెట్టు దిగి చివరికి ఎవరి మీద ఆగుతాయో అతనికీ తెలుసు.

పైగా సేటుదీ పనివాడిదీ ఒకే కులం, చాలాసార్లు ఒకే గోత్రం. శ్రావణ పౌర్ణమి నాడు మార్కండేయ మహాముని రథం తూర్పు పేటల్లో తిరుగుతుంది. దారి పొడవునా జంధ్యాలు, రాఖీలు, నేతపని చూపించే బళ్లు. ఆ ఒక్కరోజూ అందరూ ఒకే తాడు పట్టుకుంటారు. మర్నాడు సాంచా దగ్గర బోనస్ మాట ఎత్తితే, 'మనం మనం ఒకటే కదా' అన్న మాట ఎదురొస్తుంది. ఊరు వదిలి వచ్చినవాడికి ఇల్లు చూపించింది, అప్పిచ్చింది, పెళ్లి చేసింది ఆ కులమే. అందుకే దాని ముందు గొంతు పెంచడం కష్టం. ఈ ముడి బయటివాళ్లకు త్వరగా కనపడదు.

అలా అని ఆ కులం చేసిన సేవను చిన్నచూపు చూడలేను. పద్మశాలీ శిక్షణ సంస్థ బడులు నడిపింది, ఆడపిల్లలకు ఎ.ఆర్. బుర్లా మహిళా కళాశాల పెట్టింది. మార్కండేయుడి పేర సహకార ఆసుపత్రి ఉంది. సోలాపూర్ నుంచి గంగాధర్ కూచన్, ధర్మన్న సాదుల్ పార్లమెంటుకు వెళ్లారు. మరాఠీ గడ్డ మీద తెలుగు నేతవాళ్లు ఓటుతో సాధించిన గౌరవం అది. బీడీలు చుట్టే తల్లుల కూతుళ్లు డిగ్రీ పట్టాలతో ఆ కాలేజీ మెట్లు దిగారు. దిగాక ఏమైందంటే, కొందరు ఉద్యోగాలకు పోయారు, చాలామంది పెళ్లయ్యాక బీడీల చాట ముందు కూర్చున్నారు. చదువు చెప్పినవాళ్ల తప్పు కాదది. చదివిన పిల్లకు ఊళ్లో ఇంకో పని లేకపోవడం వల్ల.

తూర్పు పేటల్లో ఏ ఇంటి గడప దాటినా మొదట తంబాకు వాసన తగులుతుంది. మగవాడి కూలి సాంచా మీద, ఆడదాని కూలి చాటలో. ఈ రెండూ కలిస్తేనే ఒక ఇల్లు. బీడీ కార్ఖానాదారులకు సోలాపూర్ ఎందుకు నచ్చిందో ఊహించడం కష్టం కాదు. మగవాడికి చాలీచాలని కూలి వచ్చే ఊళ్లో, గడప దాటకుండా పనిచేసే ఆడవాళ్లు వేలల్లో దొరుకుతారు. ఇప్పుడు ఈ ఊళ్లో మగ్గం మీద బతికే ఆడవాళ్ల కంటే బీడీ మీద బతికేవాళ్లే ఎక్కువ కనిపిస్తారు.

దత్తనగర్ దగ్గర ఒక ఇంట్లో అవ్వా, కోడలూ ఎదురెదురుగా కూర్చుని చుడుతున్నారు. అవ్వ నన్ను చూడగానే, "ఏ ఊరు బిడ్డా మీది?" అంది. చెప్పాను. "మాది కరీంనగర్ దిక్కు. నేను సూడలే. మా మామ సెప్పేటోడు" అంది. మాట్లాడుతున్నంతసేపూ ఆమె చేతులు ఆగలేదు. పొద్దున కార్ఖానాకు పోయి తునికాకు, తంబాకు, దారం తెచ్చుకోవాలి. ఆకు తడపాలి, కత్తెరతో కొలత ప్రకారం కత్తిరించాలి, తంబాకు పోసి చుట్టాలి, మూతి మడవాలి, దారం కట్టాలి. ఇరవై ఐదేసి కట్ట. వెయ్యి నిండేసరికి పొద్దుగూకుతుంది. మధ్యలో వంట, నీళ్లు, పిల్లలు. మర్నాడు కార్ఖానాలో తనిఖీ చేసేవాడు కట్టలు విప్పి కొన్ని పక్కన పడేస్తాడు. వాటికి కూలి లేదు. ఆకు తక్కువిచ్చారు, మచ్చలదిచ్చారు అంటే వినేవాళ్లు లేరు. తక్కువ పడ్డ ఆకు ఆమె తన డబ్బుతో కొనాలి. కోడలు, "అన్నా, ఆకు మంచిగొస్తే ఆ దినం మాకు పండుగే" అంది. నవ్వుతూ అన్న మాటే, నేను మాత్రం నవ్వలేకపోయాను.

ఈ ఆడవాళ్ల కోసం చట్టం లేదనకూడదు. 1966లో బీడీ, సిగార్ కార్మికుల చట్టం వచ్చింది. ఇంట్లో కూర్చుని చుట్టేవాళ్లు కూడా కార్మికులేనని అది ఒప్పుకుంది. యజమానులు కోర్టుకెక్కితే 1974లో సుప్రీంకోర్టు చట్టాన్ని నిలబెట్టింది. 1976లో సంక్షేమ నిధి పెట్టారు, బీడీల మీద సెస్సు వసూలు చేసి దానిలో వేశారు. పిల్లల స్కాలర్‌షిప్పులు, దవాఖానాలు, ఇళ్ల సాయం అందులోంచే వచ్చాయి. 2017లో జీఎస్టీ వచ్చినప్పుడు ఆ సెస్సు ఎత్తేశారు. 1966 చట్టాన్ని కూడా 2020లో పార్లమెంటు ఆమోదించిన కార్మిక కోడ్‌లో కలిపేశారు. జీఎస్టీ వచ్చినప్పుడు బీడీ మీద పన్ను పోలేదు, పెరిగింది. ఆ పన్నులో ఇది బీడీ చుట్టినవాళ్లదని వేరుచేసి పెట్టే డబ్బా మాత్రం పోయింది.

బీడీ తాగడం మంచిదా అని అడిగేవాళ్లుంటారు. మంచిది కాదు. చుట్టేవాళ్లకు ఆ సంగతి మనకంటే బాగా తెలుసు, తంబాకు పొడి వాళ్ల ఊపిరితిత్తుల్లోనే ఉంది. బీడీ మానాలని పట్టణంలో ప్రచారం చేసే సేవా సంఘాలు, మానితే ఈ అవ్వ ఏం చేయాలన్న ప్రశ్న దగ్గర మౌనంగా ఉంటాయి. కుట్టుమిషన్లు పంచుతారు. వీధికి పది మిషన్లొస్తే కుట్టించుకునేవాళ్లెవరు? అందరి దగ్గరా బట్ట ఉంది, డబ్బు లేదు.

అక్కల్‌కోట రోడ్డు మీద ఊరు దాటాక కుంభారి వస్తుంది. నేను చూడాలనుకున్న చోటు అదే. అక్కడ ఒక కాలనీకి గోదూతాయి పరులేకర్ పేరు పెట్టారు. గోదావరి పరులేకర్‌ను తెలుగువాళ్లు గుర్తుంచుకోవాలి. గోఖలే 1905లో పెట్టిన సర్వెంట్స్ ఆఫ్ ఇండియా సొసైటీలో ఆమె మొదట సేవకురాలు. చదువు చెప్పడం, పేదవాళ్లకు సాయపడటం ఆ సంస్థ పని. కొన్నేళ్లకు ఆమె అది వదిలి కమ్యూనిస్టు పార్టీలో చేరింది. 1945లో ఠాణే జిల్లా వార్లీ ఆదివాసులను వెట్టికి ఎదురు నిలబెట్టింది. ఇచ్చే చేతిని వదిలి, అడిగే గొంతు పక్కకు వెళ్లింది. బీడీ ఆడవాళ్ల ఇళ్లకు ఆమె పేరు పెట్టినవాళ్లు ఆలోచించే పెట్టారు.

పెట్టినవాళ్లలో ముందున్నది నర్సయ్య ఆడమ్, ఊరివాళ్లకు ఆడమ్ మాస్టర్. తెలుగు నేత కుటుంబం, సీఐటీయూ నాయకుడు, 1978లో, 1995లో, 2004లో ఎమ్మెల్యే. అద్దె గదుల్లో బీడీలు చుట్టే ఆడవాళ్లను సహకార సంఘంగా కట్టి, పదివేల ఇళ్లు అడిగాడు. కేంద్రం కొంత, రాష్ట్రం కొంత, చుట్టిన చేతులు దాచుకున్నది కొంత. ఏళ్ల తరబడి మోర్చాలు నడిచాయి. 2006 సెప్టెంబరులో ప్రధాని మన్మోహన్ సింగ్ వచ్చి తాళాలిచ్చారు. తర్వాత అదే కుంభారిలో రేనగర్ మొదలైంది, 30 వేల ఇళ్లు. ఈసారి బీడీవాళ్లతో పాటు సాంచా పనివాళ్లు, చిత్తు కాగితాలు ఏరేవాళ్లు, రిక్షా నడిపేవాళ్లు. 2019 జనవరిలో ప్రధాని మోదీ శంకుస్థాపన చేశారు. ఆ సభలో ఆయన్ను మెచ్చుకున్నందుకు మాస్టర్‌ను ఆయన కమ్యూనిస్టు పార్టీ కేంద్ర కమిటీ నుంచి మూడు నెలలు పక్కన పెట్టింది. 2024 జనవరి 19న మొదటి 15 వేల ఇళ్లు అప్పగిస్తూ, చిన్నప్పుడు తనకూ ఇలాంటి ఇల్లుంటే బాగుండేదని మోదీ గొంతు పెగలక ఆగిపోయారు. ఎర్రజెండా అడిగింది, కాంగ్రెస్ ప్రధాని ఒకసారి ఇచ్చాడు, బీజేపీ ప్రధాని ఒకసారి ఇచ్చాడు. ఎవరి గొప్పో తేల్చుకోవడం పార్టీల పని. నా దృష్టిలో ఇది అడిగినవాళ్ల గొప్ప. ఇళ్లు రెండు వేలో మూడు వేలో అడిగి ఉంటే అదొక పథకంగా మిగిలిపోయేది. ముప్ఫై వేలు అడిగేసరికి అదొక ఊరైంది.

ఆ ఊరి లెక్క కూడా చూడాలి. శంకుస్థాపన నాటి అంచనా 1,811 కోట్ల రూపాయలు. అందులో కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల సాయం 750 కోట్లు. ఇంటికి చూస్తే రెండున్నర లక్షలు సర్కారుది, మూడున్నర లక్షలు అందులో ఉండేవాళ్లది. ఉచిత ఇల్లు అని మాట్లాడేవాళ్లు ఈ రెండో అంకె చెప్పరు. బీడీ చుట్టి మూడున్నర లక్షలు తీర్చడమంటే ఎన్ని లక్షల బీడీలో మీరే కట్టుకోండి లెక్క.

వరసగా లేత రంగు బిల్డింగులు, బట్టలారేసిన బాల్కనీలు, నీడనివ్వని మొక్కలు. ఎండ సోలాపూర్ ఎండే, దానికి కొత్తా పాతా లేదు. ఇల్లు తనదన్న ధీమా ఆడవాళ్ల మాటలో తెలుస్తుంది. అద్దె ఇంట్లో నల్లా దగ్గర యజమానురాలితో పడ్డ మాటలు చెబుతూ ఒకామె, "ఇప్పుడు గోడకు మేకు కొట్టాలంటే ఎవర్నీ అడగ" అంది. ఆ మాట కోసమైనా ఇంత పోరాటం తగునని నాకనిపించింది. ఆమే మళ్లీ చెప్పింది, మగడి సాంచా ఊళ్లో ఉంది, రాత్రి పాళీ అయితే షేర్ ఆటో దొరకదు, రాకపోకలకు కూలిలోంచి కోత. నగరానికి ఉజనీ డ్యామ్ నీళ్లు ఉన్నా పేటల్లో నల్లా కొన్ని రోజులకొకసారే వస్తుందని వాళ్లందరికీ అలవాటైంది, ఇక్కడికీ ఆ అలవాటును వెంట తెచ్చుకున్నారు. బ్యాంకు కిస్తీ పైన బచత్ గట్ (పొదుపు సంఘం) కిస్తీ, దాని పైన ఇంటి దగ్గరికే వచ్చి వసూలు చేసే మైక్రోఫైనాన్స్ కిస్తీ. వారంలో ఏ రోజు ఏ కిస్తీయో గోడ మీద పెన్సిల్‌తో రాసుకుంది. మేకు కొట్టిన ఆ గోడే.

ఇల్లు మారినంతగా వెయ్యి బీడీల రేటు మారలేదు. ఇళ్ల కోసం వేలమంది కదిలినంత గట్టిగా, కూలి కోసం కదిలిన రోజులు తక్కువ. కారణం ఉంది. ఇల్లు ఇవ్వాల్సింది ఢిల్లీ, దానితో తగువు పడొచ్చు. కూలి పెంచాల్సింది పక్క వీధి సేటు, రథం తాడు అవతలి కొస పట్టుకున్నవాడు. బీడీ రేటు పెంచమంటే కంపెనీ, బ్రాంచి ఇంకో ఊరికి తీసుకుపోతానంటుంది. అది ఉత్త బెదిరింపు కాదు.

ఇక మన వైపు చూద్దాం. తెలంగాణ ఏర్పడ్డాక బీడీ కార్మికులకు నెలనెలా జీవన భృతి ఇస్తున్నారు. మొదట వెయ్యి, 2019 నుంచి 2,016 రూపాయలు. ఒకే తల్లి కూతుళ్లలో ఒకరు కోరుట్లలో, ఒకరు సోలాపూర్‌లో బీడీలు చుడితే, ఆకు ఒకటే, తంబాకు ఒకటే, దగ్గు కూడా ఒకటే. భృతి ఒకరికే. సోలాపూర్ అక్క రాష్ట్రం మారింది కాబట్టి. మహారాష్ట్రలో ఆమె తెలుగావిడ, తెలంగాణలో ఆమె పేరు ఏ జాబితాలోనూ లేదు. హైదరాబాద్ నుంచి మన నాయకులు సోలాపూర్ సభలకు వస్తారు, శాలువా కప్పించుకుంటారు, పద్మశాలీ ఐక్యత గురించి మాట్లాడి రాత్రి బండికి వెళ్లిపోతారు. ఆ శాలువా ఎవరు నేశారని అడగరు.

సోలాపూర్‌లో మనవాళ్లకు ఏదైనా చేయాలనుకునే తెలుగు సంఘాలకు, దాతలకు ఒక మాట. దుప్పట్లు పంచడం ఆపండి, ఆ ఊరి వాళ్లే లోకానికి దుప్పట్లు పంచుతున్నారు. చేతనైతే ఒక వకీలును పెట్టండి. పీఎఫ్ కాగితాలు చదివి చెప్పే ఇద్దరు పిల్లలను తూర్పు పేటల్లో కూర్చోబెట్టండి. ఆధార్‌లో పేరు ఒక అక్షరం తేడా పడి, పుట్టిన సంవత్సరం కలవక, యజమాని కట్టిన నెలలు లెక్కకు రాక ఆగిపోయిన పింఛన్ల కాగితాలు పట్టుకుని అవ్వలు తిరుగుతూనే ఉన్నారు. అవన్నీ సరిచేసుకుని, ఏళ్ల తరబడి బీడీలు చుట్టి, కడితే వచ్చే పీఎఫ్ కనీస పింఛను నెలకు 1,000 రూపాయలు. 2014 సెప్టెంబరులో అమల్లోకి తెచ్చిన అంకె అది. ఇది రాసే నాటికీ అంతే ఉంది.